బోధనా సాధనాలూ, బడిపంతులూ

ఈ మధ్య విద్యను గురించిన ఉపన్యాసాల్లో ఒక మాట తరచు వినవస్తున్నది. తెరలు వచ్చాయి గనుక తరగతి గది స్వరూపమే మారిపోయిందనీ, నల్లబల్లా సుద్దముక్కా గతకాలపు వస్తువులనీ, ఇక మీదట ఉపాధ్యాయుడు పక్కన నిలబడి చూసే సహాయకుడు మాత్రమేననీ దాని సారాంశం. దీనికి ఎదురుగా మరొక వాదం వుంది. యంత్రం వచ్చి గురుశిష్య సంబంధాన్ని మంటగలిపిందనీ, పూర్వపు వీధిబడే మేలనీ అంటారు ఆ వాదులు. ఈ రెండు వాదాలూ ఉత్తర దక్షిణ ధ్రువాలుగా కనిపిస్తాయి గాని, రెండూ సాధనాన్నే కర్తగా భావిస్తున్నవి. ఆ సాధనాన్ని ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు, అది వచ్చిన తర్వాత పంతులు స్థితి ఏమైంది, బడికి రాని పిల్లవాడి స్థితి ఏమైంది అన్న ప్రశ్నలను రెండూ వేయవు. నేను చాలాకాలం సర్కారు బడుల్లో పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే గత రెండు శతాబ్దాల చరిత్రను తిరగేయక తప్పదని నా అభిప్రాయం.

మొదట వీధిబడి సంగతి చూద్దాం. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాలన్నిటిలోనూ ఎన్ని బడులున్నవో, వాటిలో ఎవరెవరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను కోరాడు. వచ్చిన జవాబుల్లో బళ్ళారి జిల్లా కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టు 17న రాసినది విపులమైనది. తెలుగుకు వ్యాకరణం రాసిన కాంబెల్ ఇతడే. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు బళ్ళారి జిల్లాలో చేరి వుండేది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226. తక్కినవి మరాఠీ, సంస్కృతం, పారశీకం, తమిళం, ఇంగ్లీషు బడులు.

ఆ బడిలో పిల్లవాడికి మొదటి పలక నేల. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవాడు. చెయ్యి తిరిగిన తర్వాత గంటంతో తాటాకు మీద, లేదా మసి పూసిన కొయ్యపలక మీదా కడితం మీదా రాసేవాడు. ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి దిద్దబెట్టేవాడు. పంతులు మధ్యలో కూర్చుని అందరినీ కనిపెట్టి వుండేవాడు. ఇంత తక్కువ ఖర్చుతో రాత నేర్పే పద్ధతిని కాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సమంజసమేనన్నాడు. ఆ అనుకరణ సంగతికి తర్వాత వస్తాను.

ఇసుకకు ఖరీదు లేదు. దాని మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు. అంతమాత్రాన ఆ బడి అందరిదీ అయిందా? కాంబెల్ లెక్కలే జవాబు చెబుతాయి. జిల్లా మొత్తం మీద చదువుతున్నవారు 6,641 మంది. అంటే సుమారు 140 మందికి ఒక్కరు. ఆడపిల్లలు 60 మంది. మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలుగా చూపినవారు 1,174, మహమ్మదీయులు 243. ఈ కలెక్టర్ల నివేదికలను ధరంపాల్ 1983లో గ్రంథంగా ప్రచురించి, ఆంగ్లేయులు రాకముందు మన దేశంలో చదువే లేదన్న ప్రచారాన్ని ఖండించాడు. అది సరైన ఖండనే. బ్రాహ్మణులకంటె శూద్రులు ఎక్కువమంది చదువుతుండటం కొట్టివేయదగిన విషయం కాదు. అయితే ఆ అంకెలను చేతబట్టుకుని వీధిబడిని స్వర్ణయుగంగా చిత్రించేవారు 60 అన్న అంకె దగ్గరా, 140కి ఒకరన్న నిష్పత్తి దగ్గరా కాసేపు ఆగాలి. కోదండం వేయడం, గుంజీలు తీయించడం కూడా కాంబెల్ నివేదికలో వున్నవే. పిల్లలు వల్లించే కావ్యాల భాష వారికి అర్థం కాదనీ, పంతులుకే చాలాసార్లు తెలియదనీ అతడు రాశాడు. సాధనం చౌక కావడం ఒక సంగతి, విద్య సార్వజనికం కావడం మరొక సంగతి. మొదటిది రెండవదానికి దారి తీయాలంటే సమాజంలో మరేదో మారాలి.

బడులు ఎందుకు క్షీణిస్తున్నవన్న ప్రశ్నకు కాంబెల్ ఇచ్చిన జవాబు కూడా గమనింపదగినది. దేశం క్రమంగా పేదరికంలోకి దిగజారుతున్నదన్నాడు. ఇంగ్లండు నుండి వచ్చే బట్టలు మన చేనేతవారి బతుకుతెరువును దెబ్బతీశాయన్నాడు. బిడ్డ పాలు మరిచీ మరవకముందే పనికి పంపవలసిన తల్లిదండ్రులు ఆ బిడ్డను బడికి ఎట్లా పంపగలరు? కంపెనీ ఉద్యోగి చేతనే ఈ మాట చెప్పించింది వాస్తవం. మగ్గం పడినచోట బడి కూడా పడింది. ఇసుకకు లోటు వచ్చి కాదు.

ఇక ఆ పద్ధతి ఇంగ్లండుకు ప్రయాణించిన కథ. ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1787లో మద్రాసు వచ్చాడు. ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789 నుండి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దటం చూసి, తన ఆశ్రమంలోనూ అట్లా నేర్పమన్నాడు. జీతాలు తీసుకునే ఉపాధ్యాయులు అందుకు ఇష్టపడలేదు. అప్పుడు ఎనిమిదేళ్ళ కుర్రవాడికి ఆ పని అప్పగించాడు. అది నెరవేరింది. దానిమీద అతడు ఒక విధానాన్నే నిర్మించి, 1796లో స్వదేశానికి వెళ్ళి, 1797లో లండనులో పుస్తకం వేశాడు. దానికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు వచ్చింది. 1798లో లండనులోనే జోసెఫ్ లాంకాస్టర్ అట్టి బడి పెట్టాడు. ఒక పెద్ద హాలు, వరుస బల్లలు, వందలాది పిల్లలు, ఒకే ఒక ఉపాధ్యాయుడు. తక్కిన పనంతా పిల్లనాయకులదే.

మన వీధిబడిలో పెద్దపిల్లవాడు చిన్నవాడికి నేర్పడం పంతులు పనికి తోడు. లాంకాస్టర్ హాలులో అది పంతులుకు బదులు. ఇసుకా అదే, అక్షరాలు నేర్పే క్రమమూ అదే. అయితే బాష్పయంత్రాలూ బట్టల మిల్లులూ లేస్తున్న ఇంగ్లండులో పనివారి పిల్లలకు కొద్దిపాటి చదువు, అతి చౌకగా, గంట కొట్టినట్టు క్రమశిక్షణతో కావలసివచ్చింది. బీదపిల్లలకు ఎక్కువ చదువు చెబితే వారు తమ స్థితికి మించి ఆశిస్తారన్న భయాన్ని బెల్ దాచుకోలేదు. బీదల విద్యకోసం 1811లో చర్చివారు స్థాపించిన జాతీయ సంఘం అతడి పద్ధతినే చేపట్టింది. పిల్లనాయకుల బడుల్లో వల్లెవేత తప్ప చదువు సాగడం లేదని తేలడానికి ముప్పై ఏళ్ళు పైగా పట్టింది. 1846లో గాని ప్రభుత్వం జీతమిచ్చి శిక్షణ పొందే ఉపాధ్యాయ విద్యార్థుల ఏర్పాటు చేయలేదు. పరిశ్రమ యుగంలో మొట్టమొదటి విద్యా సాంకేతికం మన ఇసుకబడి నుండి పోయిందన్నది గర్వకారణంగా చెబుతుంటారు. అది ఉపాధ్యాయుడి ఖర్చు తగ్గించడానికి వాడబడిందన్న సంగతిని కూడా దానితోపాటు చెప్పుకోవాలి.

తర్వాత వచ్చినవి రాతిపలక, అచ్చుపుస్తకం. రాతిపలక తాటాకునూ ఇసుకనూ క్రమంగా నెట్టివేసింది. మన మార్కాపురం పలకలు దేశమంతా పోయినవే. పలక మీద అక్షరం తుడిచి మళ్ళీ దిద్దవచ్చు. తప్పు చేయడానికి పిల్లవాడు భయపడనక్కరలేదు. బోధనాశాస్త్ర దృష్ట్యా ఇది చిన్న లాభం కాదు. అయితే ఆ బలపాలను కోసిన కార్మికుల సంగతి పాఠ్యగ్రంథాలకు ఎక్కలేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాల కార్ఖానాల్లో రాతిధూళి పీల్చి సిలికోసిస్‌తో యవ్వనంలోనే చనిపోయినవారు ఎందరో. పిల్లవాడి చేతికి వచ్చే ప్రతి సాధనం వెనుకా ఎవరో ఒకరి శ్రమ వుంటుంది. రాతిపలకకు ఎంత నిజమో గాజుపలకకూ అంతే నిజం.

అచ్చుపుస్తకం ఇంకా పెద్ద మార్పు. పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష 1832లో మద్రాసులో వెలువడింది. తాటాకు వున్న ఇంటికే పరిమితమైన విద్య వెల పెట్టి కొనగలిగిన ప్రతి ఇంటికీ పోవడానికి వీలు కలిగింది. దీన్ని ఏ అభ్యుదయవాదీ కాదనలేడు. కాని పాఠ్యపుస్తకం ఏది వుండాలో నిర్ణయించే అధికారం మాత్రం ఊరి నుండి మద్రాసుకు తరలిపోయింది. పుస్తకం వెంబడి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లలు పరీక్షలో ఎంతమంది నెగ్గితే అంత గ్రాంటు అన్న నిబంధన వచ్చింది. ఊరివారిచ్చే దక్షిణ మీద బతికిన పంతులు ఇప్పుడు ఇన్‌స్పెక్టరు కలం మీద బతకవలసివచ్చింది. ఏం చెప్పాలన్నది అతడి చేతిలో లేదు. ఎట్లా అప్పజెప్పించాలన్నదే మిగిలింది.

స్వాతంత్ర్యానంతరం జరిగిన ప్రయోగాల్లో అన్నిటికంటె గొప్పది 1975–76 నాటి ఉపగ్రహ టెలివిజన్ బోధన. అమెరికా నుండి ఒక సంవత్సరానికి అడిగి తెచ్చుకున్న ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 దాకా, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. కోళ్ళగూళ్ళకు వాడే తీగెవల బిగించిన పది అడుగుల గొడుగులే ఆకాశం నుండి బొమ్మను పట్టుకున్నవి. ఉదయం గంటన్నర బడిపిల్లలకు. దాన్ని హిందీ, కన్నడం, ఒరియా, తెలుగులకు పంచితే ఒక్కొక్క భాషకు ఇరవైరెండున్నర నిమిషాలు. ప్రసారం మొదలయ్యే నాటికి దేశంలో అత్యవసర పరిస్థితి విధించి ఐదు వారాలే అయింది. సాయంత్రపు కార్యక్రమాలు ఏ గొంతుతో మాట్లాడి వుంటాయో పాఠకులు ఊహించుకోగలరు.

ఆ ప్రయోగంలో నన్ను ఆకర్షించిన అంశం పిల్లల పాఠాలకంటె మరొకటి. సెలవుల్లో ఆ టెలివిజన్ ద్వారానే సుమారు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. దగ్గర దొరికే వస్తువులతో ప్రయోగాలు చేసి చూపడం నేర్పారు. అంటే యంత్రం ఇక్కడ పంతులు స్థానాన్ని ఆక్రమించలేదు. పంతులుకే గురువు దొరికాడు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెనక్కి పోయింది. తెర ఆరిపోయింది. కాని ఆ శిక్షణ పొందిన పంతులు బడిలోనే వున్నాడు. ఈ తేడాను మనవాళ్ళు తగినంతగా గమనించలేదు.

ఇట్టిదే మరొక ఉదాహరణ 1982లో హైదరాబాదులో స్థాపించబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అంబేడ్కర్ పేరు దానికి 1991లో వచ్చింది. దేశంలో ఆ కోవకు చెందిన మొదటి విశ్వవిద్యాలయం అదే. రేడియో పాఠాలున్నా, దానికి ప్రాణం తెలుగులో రాయించిన పాఠ్యగ్రంథాలూ, ఊరూరా అధ్యయన కేంద్రాల్లో ఆదివారాలు ఎదురుగా కూర్చుని సందేహాలు తీర్చిన అధ్యాపకులూ. చదువు మానిన గుమాస్తాలూ గృహిణులూ పట్టభద్రులయ్యారంటే, ధ్వనితరంగం ఒక్కటే కారణం కాదు.

ఆ దశాబ్దపు మరొక ముఖం చూడండి. 1984–85లో భారత ప్రభుత్వం కొన్ని ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్లు పెట్టే పథకం మొదలుపెట్టింది. 1987లో మరొక పథకం మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులూ, ఇద్దరు ఉపాధ్యాయులూ, ఒక నల్లబల్లా సమకూర్చడం దాని లక్ష్యం. పథకం పేరే ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’. ఒకటి ఉన్నత పాఠశాలలకు, మరొకటి ప్రాథమిక పాఠశాలలకు సంబంధించినదే అయినా, ఈ రెండు తేదీల వరుసను నేను మరవలేను. స్వాతంత్ర్యం వచ్చిన నలభయ్యేళ్ళకు నల్లబల్ల కోసం జాతీయ పథకం కావలసివచ్చిన దేశంలో, అంతకు మూడేళ్ళ ముందే ఆధునికత బడిలో ప్రవేశించిందని ప్రకటించుకున్నాం.

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి మూలాన బడులు మూతపడినప్పుడు ఈ చరిత్ర అంతా ఒక్కసారి పరీక్షకు నిలబడింది. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు వచ్చాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుండి యాదగిరి, టీ–శాట్ ప్రసారాల ద్వారా వచ్చాయి. పట్నాల్లో ప్రైవేటు బడులు ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ తరగతులు నడిపాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2017–18లో, జాతీయ నమూనా సర్వే తేల్చిన లెక్క ప్రకారం గ్రామాల్లో కంప్యూటరు వున్న కుటుంబాలు నూటికి 4.4, ఇంటర్నెట్ అందుబాటు వున్నవి 14.9. పట్నాల్లో ఇవి 23.4, 42. ఇంట్లో ఒకటే ఫోను వుంటే అది తండ్రితో పొలానికో పనికో పోతుంది. సాయంత్రం తిరిగి వచ్చాక కొడుకుది. ఆ తర్వాత మిగిలితే కూతురిది. కాంబెల్ జాబితాలోని 60 మంది ఆడపిల్లలు నాకు ఆ రోజుల్లో మళ్ళీ మళ్ళీ గుర్తుకు వచ్చారు. పాఠాలు ఆగకుండా ప్రసారమయ్యాయి, నిజమే. ప్రసారమైన ప్రతి పాఠం బోధింపబడిన పాఠమేనని లెక్క రాసుకోవడమే తప్పు.

తర్వాత ఘట్టం 2022. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఏడు జూన్‌లో బైజూస్ అనే విద్యా వ్యాపార కంపెనీతో ఒడంబడిక చేసుకుని, డిసెంబరు 21 నుండి ఎనిమిదో తరగతి విద్యార్థులకూ వారి ఉపాధ్యాయులకూ 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. వాటిలో ఆ కంపెనీ పాఠాలను నింపి ఇచ్చారు. కూలివాని కొడుకు చేతికి ధనికుని కొడుకు చేతిలో వున్న వస్తువే రావడాన్ని తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. ఆ పిల్లల కళ్ళలోని సంతోషం నిజమైనది. కాని పాఠం ఎవరిది? బాలశిక్ష కాలంలో పాఠాన్ని నిర్ణయించే అధికారం ఊరి నుండి మద్రాసుకు పోయిందని పైన రాశాను. ఈసారి అది మదుపుదారుల డబ్బుతో నడిచే ఒక కంపెనీ ఆఫీసుకు పోయింది. ఆ కంపెనీ మీద 2024 జూలైలో దివాలా విచారణ మొదలయింది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాన్ని విమర్శించవచ్చు, శాసనసభలో నిలదీయవచ్చు, సంఘాలు పోరాడి మార్పించవచ్చు. దివాలా తీసిన కంపెనీ పాఠాన్ని ఎవరి ముందు నిలదీయాలి?

ఇంతమాత్రాన యంత్రం పనికిరాదని తీర్మానించడం శాస్త్రీయం కాదు. రెండు పరిశోధనల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. దక్షిణ అమెరికాలోని పెరూ ప్రభుత్వం బీదపిల్లలకు పెద్దఎత్తున చిన్న కంప్యూటర్లు పంచింది. 319 పల్లెబడుల్లో పదిహేను నెలల తర్వాత పరిశీలించగా, లెక్కల్లో గాని చదువులో గాని పిల్లలు ముందుకు పోయిన దాఖలా కనిపించలేదని 2012లో పరిశోధకులు ప్రకటించారు. కొన్ని ఇతర మానసిక శక్తుల్లో కొంత మెరుగుదల కనిపించింది. అదే ఢిల్లీలో 2015లో బడి వేళల తర్వాత నడిచే కేంద్రాల్లో జరిగిన మరొక అధ్యయనంలో, నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టంగా ముందంజ వేశారు. అక్కడ పిల్లవాడు ఏ తరగతిలో కూర్చున్నాడో కాక, అతడికి నిజంగా ఏది వచ్చో కనిపెట్టి, అక్కడి నుండి కంప్యూటరు పాఠం మొదలుపెట్టేది. నలభై ఐదు నిమిషాలు యంత్రం ముందు కూర్చుంటే, మరో నలభై ఐదు నిమిషాలు పది పదిహేను మందికి ఒకరు చొప్పున మనిషి కూర్చుని చెప్పేవాడు. పెరూలో వస్తువు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఢిల్లీలో వస్తువుకు పద్ధతీ మనిషీ తోడయ్యారు. 2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక కూడా ఈ సాధనం ఎవరి షరతుల మీద వస్తున్నదన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టుకుంది.

ఇప్పుడు ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. 2022 చివరి నుండి వీటిని గురించి వినని ఉపాధ్యాయుడు లేడు. ఇవి తెలుగులోనూ రాస్తున్నవి, తప్పులూ చేస్తున్నవి. వీటి చుట్టూ రేగుతున్న ఆశలూ భయాలూ చదువుతుంటే నాకు లాంకాస్టర్ హాలు జ్ఞాపకం వస్తుంది. ఒక ఉపాధ్యాయుడు, వేలాది విద్యార్థులు అన్న పాత కల కొత్త దుస్తులు వేసుకుని వచ్చింది. ఖాళీ పోస్టులు నింపకుండా గోడకు తెర బిగించడం ఏ ప్రభుత్వానికైనా ఆకర్షణీయమే. తెరకు ఫోటో తీయవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. ఉపాధ్యాయుణ్ణి నియమిస్తే ముప్పై ఏళ్ళు జీతమివ్వాలి.

ఈ చరిత్ర నుండి విద్యార్థి, ఉపాధ్యాయ మిత్రులు గ్రహించవలసినది ఒకటే. ప్రతి బోధనా సాధనం బడి గుమ్మం ముందు రెండు రూపాల్లో నిలబడుతుంది: పంతులుకు తోడుగా, పంతులుకు బదులుగా. ఏ రూపంలో లోపలికి వస్తుందన్నది ఆ సాధనంలో రాసిపెట్టి లేదు. ఇసుకకే రెండు చరిత్రలున్నప్పుడు తెరకు వుండవా? అది నిర్ణయించబడేది బడ్జెట్టులో, ఒడంబడిక పత్రంలో, నియామకాల ప్రకటనలో. కనుక మన సంఘాలు సాధనాన్ని తిరస్కరించడం మీద శక్తిని ఖర్చు చేయనక్కరలేదు. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ మూడు విషయాలు బహిరంగంగా అడిగితే చాలు. దీని వల్ల ఎన్ని ఉపాధ్యాయ పోస్టులు తగ్గుతున్నవి? దీనిలోని పాఠాన్ని రాసినవారు ఎవరు, దాన్ని మార్చే హక్కు మనకున్నదా? ఇది లేని ఇంటి పిల్లకు ఏం ఏర్పాటు చేశారు? ఈ మూడింటికీ లిఖితపూర్వకమైన జవాబు వచ్చేదాకా ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని సమ్మతించగూడదు. వచ్చిన తర్వాత, దాన్ని వాడటం నేర్చుకోవడంలో మనమే ముందుండాలి.